పాత చర్చి రంగుటద్దాల కిటికీలు: బయట పాలీకార్బొనేట్ షీటు కొట్టించొచ్చా?

గంటస్తంభం_సెంటర్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా జిల్లాలో ఒక పాత చర్చి గురించి అడుగుతున్నాను. ఇటుక, సున్నం గోడలు. సీసం పట్టీల్లో కూర్చిన రంగుటద్దాల కిటికీలు నాలుగున్నాయి, పైభాగం కోసుగా ఉండే రకం. ఒక్కోటి 60 సెంటీమీటర్ల వెడల్పు, 180 ఎత్తు. రెండు పడమరకి, రెండు దక్షిణానికి. ముఖాలు, బట్టల మడతలు లోపలి వైపు నల్లరంగుతో గీసి కొలిమిలో కాల్చినవి.

ఇప్పటి పరిస్థితి ఇదీ. పడమటి కిటికీ ఒకటి కింది మూడోవంతులో బయటికి ఉబ్బింది. నిలువుగా స్కేలు ఆనించి చూస్తే ఎక్కువున్న చోట 20 మిల్లీమీటర్లు. వేలితో తడితే అద్దాలు గలగలమంటున్నాయి. ఈదురుగాలి వానకి లోపలి గట్టు మీదకి నీళ్లొస్తున్నాయి. అడ్డకడ్డీలు ఇనుపవి. గోడలోకి దిగిన చోట తుప్పు పొరలు పొరలుగా లేచి ఇటుక చిట్లుతోంది. కింది వరసలో సీసం మీద తెల్లపొడి కనిపిస్తోంది.

కమిటీ చేతిలో ఒక కొటేషన్ ఉంది. బయట 6 మి.మీ. పాలీకార్బొనేట్ (సులువుగా పగలని పారదర్శక ప్లాస్టిక్) షీటు, చుట్టూ అల్యూమినియం పట్టీ, గాలి చొరకుండా సిలికాన్. వాన రాదు, కాంపౌండులో పిల్లల క్రికెట్ బంతి తగలదు, తుఫానుకీ భయం లేదు అంటున్నారు. ఒప్పుకోవచ్చా? సముద్రం 20 కిలోమీటర్ల లోపే కాబట్టి ఉప్పుగాలి సంగతి కూడా చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

ముందు ఆ కొటేషన్లో "గాలి చొరకుండా" అన్న మాట కొట్టేయించండి. షీటు దేనిదన్నది తర్వాత చూద్దాం.

గాజుని వాన తినదు, ఆరని తడి తింటుంది. కారిపోయే వాననీరు మురికినీ ఉప్పునీ కడిగేసుకుపోతుంది. కదలకుండా నిలిచిన సన్నటి నీటిపొరలోకి మాత్రం గాజులోని సోడియం, పొటాషియం కొద్దికొద్దిగా దిగి, ఆ నీళ్లు క్షారంగా మారతాయి. పీహెచ్ 9 దాటిందంటే గాజుకి ఆధారమైన సిలికానే కరగడం మొదలవుతుంది. ఇక ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీళ్లు లాక్కుని కరిగిపోతుంది. వానాకాలం రాత్రుళ్లు మన దగ్గర తేమ అంతకు మించడం మామూలే. అంటే అద్దం మీద ఉప్పు పేరుకుని ఉంటే, వాన పడకపోయినా ప్రతి రాత్రీ అద్దం తడుస్తుంది, పగలు ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. షీటు వెనక మూసేస్తే ఆ ఉప్పుని కడిగే వాన కూడా పోతుంది.

సిలికాన్ వేశారు కదా, తేమ ఎలా వస్తుందంటారేమో. సున్నం గోడ చెమ్మ పీల్చి వదులుతూ ఉంటుంది. ఆ చెమ్మ మీ షీటుకీ అద్దానికీ మధ్య సందులోకే దిగుతుంది. పైగా మీ కిటికీ సీసం దగ్గర ఇప్పటికే కారుతోంది, లోపలి గాలి అక్కణ్నుంచి వెళ్తుంది. వెళ్లిన తేమకి బయటపడే దారి ఉండదు.

రెండోది వేడి. పడమటి ఎండకి మూసిన సందు పొయ్యి అవుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగిందనుకుని 180 సెం.మీ. పొడవుకి లెక్క కట్టండి. గాజు సుమారు 0.65 మి.మీ. సాగుతుంది, సీసం 2 మి.మీ., పాలీకార్బొనేట్ 4.7 మి.మీ. సీసానికి ఇనుములా వెనక్కి లాక్కునే గుణం లేదు, సాగితే చాలావరకు సాగినట్టే ఉండిపోతుంది. మీ కిటికీకి వచ్చిన ఉబ్బు అదే. పగలు సాగడం, రాత్రి కుంచించుకోవడం, పట్టీ లోపలి లప్పం పొడై రాలిపోవడం, దాంతో బరువంతా కింది వరస మీద పడడం. ఈ వరస తెలీకుండా బయట షీటు కొడితే ఉబ్బు ఆగదు, మీ కంటికి కనబడడం మానేస్తుందంతే.

తెల్లపొడి సీసం కార్బొనేట్. కిటికీ చుట్టూ ఈమధ్య ఎవరైనా సిలికాన్ పట్టించారా? పట్టిస్తున్నప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం అయితే కారణం అదే కావచ్చు. ఆ రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, సీసానికి అది విషం. ప్లైవుడ్డు, ఎండీఎఫ్ చెక్క దగ్గరున్నా ఇదే బాధ. తప్పనిసరై సిలికాన్ వాడాల్సి వస్తే "న్యూట్రల్ క్యూర్" అని ట్యూబు మీద రాసి ఉన్నదే.

బయట రక్షణ అద్దం పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో యార్క్ మినిస్టర్‌కి 1861లోనే మొదలుపెట్టారు. అప్పట్నుంచీ జనం నేర్చుకున్నది ఏమిటంటే, అద్దం పెట్టండి, వెనక గాలి ఆడనివ్వండి.

రణస్థలం_ఫ్యాబ్

గట్టు గారూ, గాలి ఆడాలన్నది ఒప్పుకుంటాను. కాని పాలీకార్బొనేట్‌ని మరీ తీసిపారేయకండి. ఏటంటే, మనది తుఫాన్ల దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. గంటకి 180 కిలోమీటర్ల గాలంటే సెకనుకి 50 మీటర్లు. 0.6 ఇంటూ 50 ఇంటూ 50, చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. వీళ్ల కిటికీ 1.08 చదరపు మీటర్లు, అంటే ఒక్కో కిటికీ మీద 160 కిలోల తోపుడు. గాలి వెనక్కి లాగేటప్పుడు అదే బలం బయటికి. ఎగిరొచ్చే రేకు ముక్కకీ కొబ్బరిమట్టకీ మామూలు అద్దం ఆగదు. 6 మి.మీ. పాలీకార్బొనేట్ ఆగుతుంది.

కొట్టేటప్పుడు చేసే పొరపాట్ల వల్లే షీటుకి చెడ్డపేరు. స్క్రూ కన్నం స్క్రూ కన్నా 3, 4 మి.మీ. పెద్దది వేయాలి, లేదంటే వేసవిలో షీటు సాగి విల్లులా వంగుతుంది. వాషరు నియోప్రీన్ లేదా ఈపీడీఎం రబ్బరుది. పీవీసీ వాషరు వద్దు, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజరు మందు షీటులోకి దిగి కన్నం చుట్టూ సన్నని పగుళ్లు తెస్తుంది. చాలా షీట్లకి ఎండ తట్టుకునే పూత ఒక వైపే ఉంటుంది, కవరు మీద ఏ వైపు బయటికో రాసి ఉంటుంది. మన కుర్రాళ్లు కవరు ముందే పీకేసి తిరగేసి బిగిస్తారు, నాలుగేళ్లకి పసుపెక్కిందని కంపెనీని తిడతారు.

నాగావళి_గట్టు

ఫ్యాబ్ గారూ, లెక్క సరిగ్గా ఉంది. కాని మీరు రెండు పనులు ఒకే షీటుకి అప్పజెప్పారు. ఏడాదంతా ఉండే పొర వేరు, ఏడాదికి నాలుగు రోజులు కావలసిన కవచం వేరు. ఏడాదంతా పాలీకార్బొనేటే ఉంచితే దుమ్ము తుడిచిన ప్రతిసారీ గీతలు పడతాయి, మంచి షీటైనా ఓ పదేళ్లకి మసకబారుతుంది, రంగుటద్దం అందమంతా బయటి వెలుతురు మీదే కదా. అందుకని నా సలహా ఇది.

ఎప్పుడూ ఉండే పొర: 4+4 మి.మీ. లామినేటెడ్ అద్దం, అంటే రెండు అద్దాల మధ్య 1.52 మి.మీ. పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. ఈ సైజుకి ఒక్కోటి సుమారు 23 కిలోలు. ఫ్యాబ్ గారి 1500 న్యూటన్ల లెక్కకి నాలుగు అంచులా ఆనించి పెడితే తట్టుకుంటుంది. రాయి తగిలి పగిలినా ఊడి పడదు, రంగుటద్దం దాకా దెబ్బ వెళ్లనివ్వదు. క్రికెట్ బంతికీ ఇదే చాలు. ఫ్రేముకి అద్దం నేరుగా ఆనకూడదు. చుట్టూ 5 మి.మీ. ఖాళీ, కింద నాలుగోవంతు, ముప్పాతిక దూరాల్లో రెండు నియోప్రీన్ దిమ్మలు. ఫ్రేము అడుగున నీళ్లు పోయే కన్నాలు ఉంచాలి, నీళ్లు నిలిస్తే పీవీబీ అంచునుంచి తెల్లబడి పొర విడుతుంది.

రంగుటద్దానికీ దీనికీ మధ్య 50 మి.మీ. సందు. కింద పూర్తి వెడల్పునా 25 మి.మీ. గాలిసందు, పైన కూడా అంతే. పైభాగం కోసుగా ఉంది కాబట్టి అక్కడే పనివాళ్లు చేతులెత్తేస్తారు. బయటి అద్దాన్ని ఆ వంపుకే కోయించి, గోడ అంచుకి 25 మి.మీ. ముందే ఆపాలి, ఆ ఖాళీ మీద చిన్న రేకు టోపీ వంచి పెట్టాలి. పైసందు మూసేసి కిందది ఒక్కటే ఉంచితే గాలి తిరగదు. వేడిగాలి పైకి పోతేనే కింద కొత్తగాలి లోపలికొస్తుంది.

గాలిసందులకి 316 రకం (ఉప్పుగాలిని బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్) స్టీలు జాలీ వేయాలి, లేకపోతే ఒక్క సీజనులో కందిరీగలు మట్టిగూళ్లు కట్టేస్తాయి. జాలీ వేస్తే గాలి తగ్గుతుంది కాబట్టి పైనా కిందా గాలిసందులు 25 బదులు 40 మి.మీ. చేయండి. ఆరు నెలలకోసారి బ్రష్షు కొట్టకపోతే సాలెగూళ్లూ దుమ్మూ చేరి మళ్లీ మూసిన డబ్బానే.

తుఫాను కవచం: ఫ్యాబ్ గారి 6 మి.మీ. పాలీకార్బొనేట్ ఇక్కడ పనికొస్తుంది, లేదా 12 మి.మీ. మెరైన్ ప్లై. కిటికీ కన్నా నాలుగు వైపులా 5 సెం.మీ. ఎక్కువ, అంటే 70 ఇంటూ 190. ఏదైనా 10 కిలోల లోపో, కాస్త పైనో ఉంటుంది. గోడలో 8 మి.మీ. 316 స్టడ్లు (మరలున్న కడ్డీలు) ముందే దిగి ఉండాలి, 40 సెం.మీ.కి ఒకటి, కిటికీకి 12 లేదా 13. స్టడ్లు ఇటుకలో కాదు, ఇటుకల మధ్య సున్నం సందులో, 10 సెం.మీ. లోతున. కవచం కిటికీ కన్నా పెద్దది కాబట్టి దాని మీద తోపుడు సుమారు 200 కిలోలు, పదమూడింటికి పంచితే ఒక్కోదానికి పదిహేను, పదహారు కిలోలే, సున్నం సందు ఆపుతుంది. ఎప్పుడైనా పీకేసినా ఇటుక పగలదు. రెక్కల నట్టులు వాడండి, పానాలు వెతుక్కోనక్కర్లేదు.

వాతావరణశాఖ తుఫాను అలర్టు 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. అలర్టు వచ్చిన రోజే కవచాలు బిగించేయాలి. హెచ్చరిక దాకా ఆగితే ఆ వేళకి గాలి మొదలై నిచ్చెన ఎక్కలేరు. తుఫాను వెళ్లగానే తీసేయాలి. ప్లై వారాల తరబడి ఉంచితే మళ్లీ ఆమ్లం, చెమ్మ.

గంటస్తంభం_సెంటర్

చాలా ధన్యవాదాలు గట్టు గారూ, ఫ్యాబ్ గారూ. సిలికాన్ గురించి అడిగాను. రెండేళ్ల కిందట కింది అంచుకి పట్టించారట, వాసన ఘాటుగా వచ్చిందని వాచ్‌మన్ చెబుతున్నాడు.

ఇంకో రెండు సంగతులు. హాలుకి ఏసీలు పెట్టాలని ఒక ప్రతిపాదన నడుస్తోంది. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా? ఇంకొకటి, క్రిస్మస్ ముందు కిటికీలన్నీ సర్ఫ్ నీళ్లతో కడిగించడం రివాజు. అది ఆపాలా? ఉబ్బిన కిటికీని కిందికి దించాలా, ఉన్నచోటే సరిచేయొచ్చా?

నాగావళి_గట్టు

ఏసీ వస్తే కథ మారుతుంది. బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న గాలి 27 డిగ్రీల దగ్గర నీళ్లు కక్కుతుంది. ఏసీ 24లో పెట్టి, దాని గాలి నేరుగా కిటికీకి తగిలితే రంగుటద్దం 27 కిందికి దిగుతుంది. నేను చెప్పినట్టు సందుని బయటి గాలికి తెరిస్తే, ఆ తడిగాలి చల్లటి రంగుటద్దం వెనక నీళ్లై కారుతుంది, ఉప్పుతో సహా.

కాబట్టి ఏసీ ఖాయమైతే సందుని లోపలి వైపుకి తెరవాలి. బయటి లామినేటెడ్ అద్దం ఇప్పుడు రంగుటద్దం ఉన్న గాడిలోనే కూర్చుంటుంది, వాన రాకుండా దాని చుట్టూ మూస్తారు. రంగుటద్దం ఇత్తడి ఫ్రేములో 50 మి.మీ. లోపలికి జరుగుతుంది, పైనా కిందా హాల్లోకి సందులు. అప్పుడు దాని రెండు వైపులా ఒకే గాలి, ఒకే వేడి, నీళ్లు పట్టినా బయటి అద్దం మీదే పడతాయి. ఉప్పుగాలి కూడా దానికి తగలదు. అసలు మంచి పద్ధతి ఇదే. కాకపోతే నాలుగూ దించాలి. పక్కలనుంచి తెల్లటి వెలుగు చారలు రాకుండా అంచున సన్నటి రేకు అడ్డం పెట్టాలి, ఇది మరిచిపోతే ఆదివారం పొద్దున్నే అందరి కళ్లూ ఆ చారల మీదే. ఏసీ లేకపోతే బయటికి తెరిచే పద్ధతి చాలు, ఖర్చు తక్కువ.

ఏది చేసినా ఏసీ గాలి కిటికీ మీదకి కొట్టకుండా చూడండి.

సీసంపట్టీ

మిగతా రెండు ప్రశ్నలకి నేను చెబుతాను.

దించాలా వద్దా. ఉబ్బు 20 మి.మీ. అంటే దానంతట అది భయపడేది కాదు. ఒకటిన్నర అంగుళం దాటితే దించడం గురించి ఆలోచించమంటారు. కాని మీకు గలగల ఉంది, కారుడు ఉంది, కడ్డీలు పోయాయి. మూడూ కలిశాయి కాబట్టి ఆ ఒక్క కిటికీ దించండి. మిగతా మూడూ గలగలమనకపోతే ఉన్నచోటే లప్పం పట్టించొచ్చు. ఎవరైనా "సీసం మొత్తం మార్చేస్తాం" అంటే ఒప్పుకోకండి. మంచి సీసం 75 ఏళ్ల నుంచి 200 ఏళ్ల దాకా ఉంటుంది. ఎక్కువగా చిట్లేది అతుకుల పక్కనే.

దించే ముందు ప్రతి భాగాన్నీ రెండు రకాల ఫొటోలు తీయాలి. వెనక వెలుతురుతో ఒకటి, పక్కనుంచి టార్చి ఏటవాలుగా కొట్టి ఒకటి. రెండోదాంట్లోనే లేచిపోతున్న రంగు, ఉబ్బు కనబడతాయి. పల్చటి కాగితం ఆనించి మైనం బలపంతో సీసం గీతలన్నీ అచ్చు తీసుకోండి, ముక్కలకి నంబర్లు కాగితం మీదే వేయండి. రంగు వేసిన వైపు టేపు అంటించకూడదు, ఊడదీసేటప్పుడు వందేళ్ల గీత టేపుతో వచ్చేస్తుంది. అడ్డకడ్డీలకి కట్టిన రాగితీగ ముడులు కత్తిరించి, గోడ గాడిలోని గార హాక్సా బ్లేడుతో, చిన్న ఉలితో చేత్తోనే తీయాలి. గ్రైండర్ పెడితే ఆ అదురుకే పాత పగుళ్లు విచ్చుకుంటాయి. భాగాన్ని ఎప్పుడూ నిలువుగానే మోయాలి, వెనక పలక ఆసరాతో. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని పడకేసి మోస్తే నడుము దగ్గర విరుగుతుంది.

ఉబ్బు తీయడానికి చదునైన బల్ల మీద పరిచి, పాత లప్పం చెక్కపుల్లతో గీకి, గోరువెచ్చటి చోట చిన్న చిన్న ఇసుక సంచులు పెట్టి రోజుకి కాస్త చొప్పున దించాలి. ఒకేసారి అదిమితే సీసం ఒప్పుకుంటుంది, గాజు ఒప్పుకోదు. చిట్లిన అతుకులకి 60/40 టంకం (తగరం 60, సీసం 40 పాళ్లు). అది 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, సీసం 327కి కరుగుతుంది. వేడి అదుపు లేని పెద్ద టంకపు కడ్డీతో మన ప్లంబర్లు చేస్తే పట్టీయే జారిపోతుంది. టంకం బాగా అంటడానికి ముందు పూసే ఫ్లక్సుగా ఒలీయిక్ ఆమ్లం గానీ పశువుల కొవ్వు గానీ. జింకు క్లోరైడు పేస్టు వద్దు, మిగిలిన క్లోరైడు తేమ పీలుస్తూనే ఉంటుంది.

లప్పం ఇంట్లో కలపొచ్చు. ఉడికించిన అవిసె నూనె రెండు వంతులు, టర్పెంటైన్ ఒక వంతు, అందులో సన్నని సుద్దపొడి పోస్తూ ముదురుపాకం దాకా. చివర చిటికెడు దీపపు మసి, లేకపోతే ఎండిన పిదప తెల్లగీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దించిన భాగానికి ఇది బ్రష్షుతో పట్టీ కిందికి నెట్టాలి, బయటి వైపునుంచి మాత్రమే. రంగు గీసిన వైపు వేస్తే గీతల్లో ఇరుక్కుని పోదు. పైన పొడి సుద్ద చల్లి మిగులు నూనె పీల్చుకోనిచ్చి, మెత్తటి బ్రష్షుతో దులపాలి. వారం రోజులు పడుకోబెట్టే ఉంచండి. ఉన్నచోటే పట్టించే మూడు కిటికీలకి టర్పెంటైన్ మానేసి, ముద్దలా గట్టిగా కలిపి బొటనవేలితో దోపాలి. గోడలకి వాడే యాక్రిలిక్ పుట్టీ జోలికి పోకండి, రాయిలా బిగుసుకుని సీసాన్ని కదలనివ్వదు.

కడ్డీలు. ఇనుము తుప్పు పడితే దాని ఘనపరిమాణం ఎన్నో రెట్లు అవుతుంది, ఇటుక చిట్లడానికి కారణం అదే. 12 మి.మీ. 316 కడ్డీలు నాలుగు వేస్తే 180 సెం.మీ. ఎత్తుకి 36 సెం.మీ. గళ్లు అయిదు వస్తాయి, సరిపోతుంది. పాత కడ్డీలు చెక్కుచెదరకుండా ఉంటే మధ్యభాగం ఉంచి, గోడలోకి వెళ్లే కొసలు మాత్రం 316తో అతికించవచ్చు. సీసానికీ కడ్డీకీ నడుమ 16 గేజీ మెత్తని రాగితీగ ముడి, మరీ బిగించొద్దు. తిరిగి గోడలో పెట్టేటప్పుడు సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. సిమెంటుతో పూస్తే మళ్లీ దించాల్సిన రోజున గాజు పగలకుండా రాదు.

కడగడం గురించి. సర్ఫ్ కార్యక్రమం ఈ ఏడాదితో ఆపండి. ముందు పరీక్ష చేయాలి. దూది పుల్లని డిస్టిల్డ్ వాటర్లో ముంచి పిండేసి, లోపలి వైపు ఒక మూల నల్లగీత మీద మెల్లగా దొర్లించండి, రుద్దొద్దు. దూదికి నలుపు అంటిందంటే లోపలి వైపు ఇంక ముట్టుకోకండి, అది నిపుణుల పని. అంటకపోతే మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, దూది దొర్లిస్తూ వెళ్లొచ్చు, ప్రతి రెండు మూడు ముక్కలకీ దూది మార్చాలి. బయటి వైపు ఉప్పుకి కూడా ఇదే నీళ్లు. కుళాయి నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు వదులుతాయి. కోలిన్ లాంటివి, నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఏవీ వద్దు. ఇత్తడి సామాన్లకి మెరుపిచ్చే పులుపే ఇక్కడ సీసాన్ని తినేది. రంగు నిలవాలని పైన వార్నిష్ కొట్టించే ఉద్దేశం ఉంటే అదీ మానుకోండి.

ఆ తెల్లపొడి విషం. చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి. గ్లవుజులు, మాస్కు తప్పనిసరి. పని జరుగుతున్న చోట టిఫిన్లు, టీలు పెట్టొద్దు, సండే స్కూలు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.

పగిలిన ముక్కలుంటే షాపులో దొరికే రెండు ట్యూబుల ఎపాక్సీతో అతికించకండి. పసుపెక్కుతుంది, మళ్లీ ఊడదీయడం కష్టం. ముక్కలన్నీ కవరులో నంబరు రాసి దాచండి, గోరంత ముక్కైనా సరే.

వేగావతి_ఒడ్డు (బొబ్బిలి)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. మా వైపు పాత బంగ్లాల్లో తలుపుల పైన అర్ధచంద్రాకారపు రంగుటద్దాలుంటాయి కదా, ఎరుపు, నీలం, పసుపు. వాటికీ ఇదే పద్ధతా?

సీసంపట్టీ

కాదండి. వాటిలో సాధారణంగా సీసం ఉండదు, రంగు గాజులోనే ఉంటుంది, పైన గీసినదేమీ ఉండదు. కాబట్టి మీకు గాజుతో గొడవ లేదు, చెక్కతోనే. కింది చెక్కబద్దీలో నీళ్లు నిలిచి కుళ్లుతుంది, చిన్న మేకులు తుప్పు పట్టి ఉబ్బి అద్దం మూల చిట్లుతుంది. పాత లప్పం గీకి, చెక్కకి అవిసె నూనె పట్టించి, ఆరాక మళ్లీ నూనె లప్పమే పెట్టండి. ఇనుప మేకుల బదులు ఇత్తడివి. మీద చిన్న చూరు లేకపోతే అది ముందు వేయించండి. ఇంకో పొర అద్దం అక్కర్లేదు. గాజు ముక్క పోయిందని ఎర్ర ప్లాస్టిక్ కాగితం అంటించకండి, రెండేళ్లలో వెలిసిపోతుంది. పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు దొరికే గాజు వెతికితే రంగు దగ్గరగా కుదురుతుంది.

గంటస్తంభం_సెంటర్

కమిటీలో ఒకరు "మెదక్‌లో ఎలా చేశారో అలాగే చేద్దాం" అంటున్నారు. ఇంకొకటి, పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

నాగావళి_గట్టు

మెదక్ చూసి రావడం మంచిదే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన గుడి, మూడు పెద్ద కిటికీలు, మన తెలుగువాళ్లకి రంగుటద్దాలంటే ముందు గుర్తొచ్చేవి అవే. కాని అక్కడ సముద్రం లేదు, ఉప్పు లేదు. అక్కడ నడిచిన పద్ధతి ఇక్కడ నడుస్తుందని లేదు. కార్పస్ విట్రియారుం అనే అంతర్జాతీయ సంస్థ 2004లో సవరించిన నియమాలు చదివించండి కమిటీ చేత. వాటి సారం ఏమిటంటే, ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది, చేసినది రేపు తీసేయగలిగేలా ఉండాలి, చేసిన ప్రతిదీ రాసిపెట్టాలి. దించే పనికి మనిషి కావాలంటే పాత కట్టడాల సంరక్షణ చూసే ఇంటాక్ సంస్థ వాళ్ల విశాఖ శాఖని అడిగి చూడండి.

పని సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టండి. జనవరి, ఫిబ్రవరిల్లో గాలి కాస్త పొడిగా ఉంటుంది, సున్నం, లప్పం రెండూ కుదురుగా ఆరతాయి. దించిన చోట ఖాళీకి పాలీకార్బొనేట్ తాత్కాలికంగా బిగించుకోవచ్చు, ఫ్యాబ్ గారికి అలా కూడా పని దొరికింది. వేసవి ముదిరేలోగా కిటికీ వెనక్కి వెళ్లిపోవాలి. తుఫాను కవచాలు ఆగస్టులో ఒకసారి ఎక్కించి దించి చూసుకోండి, ప్రతిదాని వెనకా "పడమర 1", "దక్షిణం 2" అని పెయింటుతో రాయండి. కోసు వంపులు నాలుగూ ఒకేలా ఉండవు, చేత్తో కట్టినవి. దసరా వెళ్లాక వచ్చే సిరిమానోత్సవం నాటికి స్టడ్లన్నిటికీ గ్రీజు రాసి సిద్ధంగా ఉండాలి, మన పెద్ద తుఫాన్లు ఆ రోజుల్లోనే వస్తున్నాయి.

అన్నిటికన్నా ముందు ఒక పని ఉంది, దీనికి డబ్బు పెద్దగా పట్టదు. నిచ్చెన వేసి కిటికీల పైన చూరు కాలువలు చూడండి. ఆకులు నిండి నీళ్లు గోడమీదుగా కారుతుంటే, మీరు కింద ఏం చేసినా ఆ చెమ్మ సందులోకే వస్తుంది. కిటికీ గట్టు బయటికి వాలుగా ఉందో లేదో కూడా చూడండి. లోపలికి వాలి ఉంటే సున్నంతో సరిచేయించండి.

రణస్థలం_ఫ్యాబ్

నాకు పని దొరికినందుకు సంతోషం. కాకపోతే 316 గురించి ఒక మాట. బజార్లో 316 అని 304 అంటగడతారు. 304కి ఉప్పుగాలిలో ఏడాదికే టీ డికాషన్ రంగు మరకలు వస్తాయి, ఆ మరక కారి అద్దం మీదకి దిగుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తామంటారు కొందరు, దాంతో ఈ రెంటికీ తేడా తెలీదు. మాలిబ్డినం టెస్టు కిట్ అని చుక్కలమందు దొరుకుతుంది, స్టడ్డు మీద చుక్క వేస్తే 316కి రంగు మారుతుంది, 304కి మారదు. గోడలో దించకముందే, వచ్చిన లాటులో ఏవో నాలుగు తీసి చుక్క వేసి చూడండి. సరుకుతో పాటు మిల్లు సర్టిఫికెట్టు అడగండి. అల్యూమినియం ఫ్రేము ఎక్కడైనా వాడితే దానికీ స్టీలు స్క్రూకీ మధ్య నైలాన్ బుష్షు వేయండి, లేదంటే స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లగా పొంగి, మళ్లీ ఇప్పుదామంటే స్క్రూ రాదు.